కర్ట్ ఫ్లడ్‌కు కూపర్స్‌టౌన్ బాకీ పడిందా?

ఔననేవారు: 1969 అక్టోబరులో అమెరికా బేస్‌బాల్‌లో ఒక బేరం జరిగింది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు తన సెంటర్‌ఫీల్డర్ కర్ట్ ఫ్లడ్‌ను, మరి ముగ్గురిని ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌కు ఇచ్చేసి, అక్కణ్ణుంచి డిక్ ఆలెన్‌ను, ఇంకో ఇద్దరిని తెచ్చుకుంది. ఫ్లడ్ వెళ్లనన్నాడు. కమిషనర్ బోవీ కూన్ మీద దావా వేశాడు. ఆటగాళ్ల సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్ అతనికి అండగా నిలిచాడు. ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌కు వెళ్లి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గోడలు చూడండి. కూన్ కంచు ఫలకం 2008లో ఎక్కింది. మిల్లర్‌ది 2021లో, ఆలెన్‌ది 2025లో. ఆ ముగ్గురినీ ఒక కథలోకి తెచ్చిన ఫ్లడ్‌కు మాత్రం ఫలకం లేదు. అతను 1997లోనే, 59 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. దీన్ని నేను ఏమరుపాటు అనను, అన్యాయం అంటాను.

కాదనేవారు: ఒక కథలో ముగ్గురికి గౌరవం దక్కింది కాబట్టి నాలుగో మనిషికీ దక్కాలంటే అది వాదన కాదు. ఎవరి లెక్క వాళ్లది. ఆలెన్ 351 హోమ్‌రన్లు కొట్టాడు, 1972లో షికాగో వైట్ సాక్స్‌కు ఆడుతూ అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి అందుకున్నాడు. కూన్ పదిహేనేళ్లు కమిషనర్‌గా ఉన్నాడు. మిల్లర్ సంఘాన్ని అట్టడుగు నుంచి కట్టాడు. మరి ఫ్లడ్? 1,861 హిట్లు, .293 బ్యాటింగ్ సగటు, 85 హోమ్‌రన్లు. మంచి ఆటగాడే. చాలా మంచి ఆటగాడు. కానీ ఆ గోడ చాలా మంచి ఆటగాళ్ల కోసం కట్టింది కాదు, వాళ్లలోంచి పైకి లేచినవాళ్ల కోసం కట్టింది. విలేఖరుల ఓటింగులో గెలవాలంటే నూటికి 75 ఓట్లు కావాలి. ఫ్లడ్‌కు ఎన్నడూ వచ్చినవాటిలో ఎక్కువ, చివరి అవకాశమైన 1996లో నూటికి పదిహేను. అతని ఆట చూసి రాసిన తరం ఓటు వేసినా ఫలితం మారలేదు.

ఔననేవారు: ఆటగాడిగానే చూద్దాం, నాకేం భయం లేదు. 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడేళ్లు ఫీల్డింగుకిచ్చే గోల్డ్ గ్లవ్ అతనిదే. నేషనల్ లీగ్‌లో బయటి మైదానానికి ఏటా మూడు గ్లవ్‌లు ఇచ్చేవారు. 1963 నుంచి 1968 వరకు ఆరేళ్లూ అవి వెళ్లింది ఈ ముగ్గురికే: విల్లీ మేస్, రాబర్టో క్లెమెంటే, కర్ట్ ఫ్లడ్. మొదటి ఇద్దరి పేర్లు చెబితే బేస్‌బాల్ తెలిసినవాళ్లు తల వంచుతారు. 1966లో సీజన్ మొత్తం ఆడి ఒక్క ఎర్రర్ కూడా చేయలేదు. బ్యాటుతో ఆరు సీజన్లు .300 దాటాడు. 1968 సంగతి చూడండి, పిచ్చర్లు రాజ్యమేలిన ఏడాది. బ్యాటర్లు ఎంత అల్లాడిపోయారంటే ఆ తర్వాత పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తు తగ్గించాల్సి వచ్చింది. ఆ ఏడు రెండు లీగుల్లో కలిపి .300 దాటినవాళ్లు ఆరుగురే. వాళ్లలో ఫ్లడ్ ఒకడు. 1964లోనూ 1967లోనూ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టుకు నడిమైదానం కాసింది అతనే.

కాదనేవారు: ఫీల్డింగు విషయంలో మీతో గొడవ లేదు. ఆ కాలంలో సెంటర్‌ఫీల్డ్‌లో అతణ్ణి మించినవాడు ఉన్నాడా అన్నది నిజంగా అడగదగ్గ ప్రశ్నే. కానీ పక్కన ఉన్న పేర్లు మీరే చెప్పారు. మేస్ 660 హోమ్‌రన్లు కొట్టాడు. క్లెమెంటే 3,000 హిట్లు కొట్టాడు. అవే గ్లవ్‌లు పంచుకున్నంత మాత్రాన ఆ ముగ్గురూ ఒకే తూకం కారు. ఫ్లడ్ బ్యాటులో బలమైన దెబ్బ తక్కువ. పన్నెండేళ్లు పూర్తి ఆటగాడిగా ఉండి 85 హోమ్‌రన్లంటే, గొప్పవాళ్ల సరసన నిలబెట్టే లెక్క కాదు. ఇంకొకటి. అతని చివరి నిజమైన సీజన్ నాటికి వయసు 31. గొప్ప ఆటగాళ్ల లెక్కలు ఆ వయసు తర్వాతే చాలావరకు పోగవుతాయి. ఆడని ఆటలకు పరుగులు వేయలేం కదా.

ఔననేవారు: మీరు అనుకోకుండా నా వాదన మీరే చెప్పారు. ఆ తర్వాతి లెక్కలు ఎందుకు లేవు? మోకాలు దెబ్బతిని టోనీ ఒలీవా ఆట కుంటుపడింది. కంటిజబ్బుతో కర్బీ పకెట్ ఆట ఆగిపోయింది. మోచేయి పాడై శాండీ కోఫాక్స్ 30 ఏళ్లకే మానేశాడు. ముగ్గురికీ హాల్‌లో చోటుంది. ఆగిపోయిన చోట నిలబడి, ఆడినంతవరకు ఎంత గొప్పగా ఆడారో చూశారు. ఒలీవా హిట్లు 1,917. మీరు ఇందాక చెప్పిన ఆలెన్ హిట్లు 1,848, ఫ్లడ్ కన్నా పదమూడు తక్కువ. ఒళ్లు సహకరించకపోతే హాల్ జాలిపడి లెక్క సవరిస్తుంది. మనస్సాక్షి సహకరించకపోతే సవరించదా?

కాదనేవారు: అది పదునైన ప్రశ్నే. కానీ ఆ పోలికలో ఒక లొసుగుంది. కోఫాక్స్ ఆగేనాటికే శిఖరం మీద ఉన్నాడు. చివరి అయిదేళ్లు అతను వేసిన బంతుల ముందు ఎవరూ నిలవలేదు. అతనికి జాలి ఓట్లు అక్కర్లేదు. ఆలెన్ హిట్లు తక్కువే అయినా ఒక్కో హిట్టు బరువు ఎక్కువ. ఫ్లడ్ దగ్గర అలాంటి శిఖరం లేదు. ఎత్తయిన, చదునైన పీఠభూమి ఉంది. ఇక ఒళ్లు, మనస్సాక్షి అన్నారు. మోకాలు ఎవరూ కోరి విరగ్గొట్టుకోరు. ఫ్లడ్ కోరి ఆగాడు. ఫిలడెల్ఫియా అతనికి లక్ష డాలర్ల జీతం ఇస్తానంది. ఆ రోజుల్లో అంత జీతం అందుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1969లో కార్డినల్స్ ఇచ్చిందే 90,000. లీగ్‌లో కనీస జీతం అప్పుడు పదివేలు. ఎంపిక అతనిదైనప్పుడు దాని ఫలితమూ అతని లెక్కలోనే పడాలి.

ఔననేవారు: కోరి ఆగాడంటున్నారు, దేన్ని కాదని ఆగాడో చూడాలి. రిజర్వ్ క్లాజ్ అని ఒక నిబంధన ఉండేది. 1879లో పుట్టింది. ఆటగాడు ఏడాదికి సంతకం చేసేవాడు. ఆ ఏడాది గడిస్తే మరో ఏడాది పొడిగించుకునే హక్కు జట్టుదే, ఆ పైన మరో ఏడాది, మరో ఏడాది. సంతకం ఒకసారి, కట్టుబాటు జన్మంతా. జట్టు అతణ్ణి ఉంచుకోవచ్చు, ఇచ్చేయవచ్చు, డబ్బుకు అమ్మవచ్చు, తీసి పారేయవచ్చు. అతను చేయగలిగింది ఒక్కటే: ఆట మానేయడం. మన ఐపీఎల్ వేలంలో పేరు ఇచ్చేది ఆటగాడే, కాంట్రాక్టుకు గడువూ ఉంటుంది. ఇక్కడ గడువన్నది లేదు. పన్నెండేళ్లు ఒక ఊళ్లో ఆడి, అక్కడే వేళ్లూనుకున్న మనిషికి తెల్లవారుజామున ఫోన్ చేసి నువ్వు ఇక్కడివాడివి కావన్నారు. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు అతను కూన్‌కు ఉత్తరం రాశాడు. తాను ఇష్టాయిష్టాలు అడగకుండా కొని అమ్మే ఆస్తిని కాననీ, మిగతా జట్లతో మాట్లాడుకునే హక్కు తనకుందనీ దాని సారం.

కాదనేవారు: ఆ నిబంధన దుర్మార్గమైనదే. దాన్ని సమర్థించడానికి నేను ఇక్కడ లేను. కానీ టీవీ ముందు అతను తన స్థితిని బానిసత్వంతో పోల్చాడు. అక్కడే చాలామంది అతనికి దూరమయ్యారు. 90,000 డాలర్లు తెచ్చుకునే మనిషి, కాదని ఇంటికి పోగలిగిన మనిషి, బానిస కాడు. ఆ మాటతో అసలు బానిసల బాధ తేలికయిందని అనుకున్నవాళ్లలో అందరూ చెడ్డవాళ్లు కారు.

ఔననేవారు: పోలిక బరువైనదే, ఒప్పుకుంటాను. అయితే ఆ మాట ఏ నోట వచ్చిందో చూడండి. హ్యూస్టన్‌లో పుట్టి ఓక్లాండ్‌లో పెరిగిన నల్లజాతి కుర్రాడు. ఆట నేర్చుకునే వయసులో దక్షిణాది చిన్న లీగుల్లోకి పంపారు. జట్టుతో కలిసి ఒక హోటల్లో దిగడానికి లేదు, ఒక బల్ల దగ్గర తినడానికి లేదు. తోటి తెల్లవాళ్ల దుస్తులతో కలిపి అతని యూనిఫాం ఉతకడానికి కూడా మనసొప్పని చోట్లు అవి. అక్కణ్ణుంచి వచ్చినవాడికి, నిన్ను ఫలానా ఊరికి ఇచ్చేశామన్న మాట కేవలం ఉద్యోగ బదిలీగా వినిపించలేదు. ఇక ఫిలడెల్ఫియా అప్పట్లో నల్లజాతి ఆటగాళ్లను ఎలా చూసిందో ఆలెన్‌నే అడగాలి. సొంత ప్రేక్షకులే వస్తువులు విసురుతుంటే అతను ఫీల్డింగ్ చేసేటప్పుడు కూడా హెల్మెట్ పెట్టుకునేవాడు. 1969 డిసెంబరులో సాన్ హువాన్‌లో సంఘం ప్రతినిధులు ఫ్లడ్‌ను సూటిగా అడిగారు, ఇది జాతి కోసం చేస్తున్నావా అని. ఇది ఆటగాళ్లందరి కోసం అన్నాడు. అప్పుడు 25 మంది ప్రతినిధులూ ఏకగ్రీవంగా అండ ఇచ్చారు.

కాదనేవారు: కానీ అతను ఓడిపోయాడు. ఇది పక్కకు తోయదగ్గ వివరం కాదు. 1972 జూన్ 19న సుప్రీంకోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. గుత్తాధిపత్య నిరోధక చట్టం బేస్‌బాల్‌కు వర్తించదన్న 1922 నాటి తీర్పునే పట్టుకుంది. రిజర్వ్ క్లాజ్‌ను పగలగొట్టింది 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇచ్చిన నిర్ణయం. ఆ కేసు ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్లది. వాళ్లు కాంట్రాక్టు లేకుండా ఒక సీజన్ గడిపి, ఇక మేం స్వేచ్ఛాజీవులం అన్నారు. గెలిచారు. వాళ్లిద్దరికీ హాల్‌లో చోటు లేదు. వాళ్ల కోసం ఉద్యమాలూ లేవు. గెలిచినవాళ్లను ఆటతో కొలిచి పక్కన పెట్టి, ఓడినవాణ్ణి త్యాగంతో కొలిచి లోపలికి తెస్తే అది ఏ న్యాయం? అంతకుముందు 1940ల చివర్లో డానీ గార్డెల్లా కూడా కోర్టుకెక్కి, బేస్‌బాల్ పెద్దలను వణికించి, డబ్బు తీసుకుని రాజీపడ్డాడు. ఫ్లడ్ మొదటివాడూ కాదు, గెలిచినవాడూ కాదు.

ఔననేవారు: మెసర్‌స్మిత్ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ 1975 నాటికి అతని కాళ్ల కింద నేల గట్టిపడి ఉంది. దాన్ని గట్టిపరిచింది ఎవరు? ఫ్లడ్ కేసులో జట్ల యజమానుల లాయర్లు ఏమన్నారో గుర్తుచేసుకోండి: ఇది కోర్టులో తేల్చే విషయం కాదు, ఆటగాళ్ల సంఘంతో కూర్చుని బేరమాడి తేల్చుకోవాల్సినది అన్నారు. గెలవడానికి వాళ్లు వాడిన ఆ వాదనే తర్వాత వాళ్ల మెడకు చుట్టుకుంది. బేరసారాల బల్ల దగ్గరే, సంఘం సాధించుకున్న మధ్యవర్తి చేతిలోనే, వాళ్లు ఓడిపోయారు. పదేళ్లు లీగ్‌లో, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఆడినవాణ్ణి అతని ఒప్పుదల లేకుండా ఇచ్చేయకూడదన్న నియమం 1973లో వచ్చింది. ఫ్లడ్ కేసు ఇంకా అందరి నోళ్లలో నానుతున్న రోజులవి. ఆ నియమం 1969లో ఉండి ఉంటే ఫ్లడ్‌కు కోర్టు గుమ్మం ఎక్కే పనే ఉండేది కాదు. గార్డెల్లా డబ్బు తీసుకున్నాడన్నారు. తప్పు పట్టను, అతనికి అవసరం. కానీ ఫ్లడ్ చివరిదాకా వెళ్లాడు. తేడా అక్కడే ఉంది.

కాదనేవారు: సరే, ఓటమి కూడా దారి వేయగలదని ఒప్పుకుంటాను. జస్టిస్ డగ్లస్ తన అసమ్మతి తీర్పులో, 1953లో బేస్‌బాల్ వైపు ఓటు వేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానన్నాడు. మెజారిటీ తీర్పు రాసిన బ్లాక్‌మన్ కూడా ఈ మినహాయింపు అసహజమైనదే అంటూనే దాన్ని సరిదిద్దే పని కాంగ్రెస్‌కు వదిలేశాడు. ఓడినవాడి మాటే నిజమని ఓడించిన కోర్టే ఒప్పుకున్న అరుదైన కేసు ఇది. 1998లో కాంగ్రెస్ ఆ పని చేసింది, చట్టానికి కర్ట్ ఫ్లడ్ పేరే పెట్టింది. ఒక ఆటగాడి పేరు మీద దేశ చట్టం! అది ఏ కంచు ఫలకానికీ తీసిపోదు. అతను పోరాడింది న్యాయం కోసం, న్యాయవ్యవస్థ అతని పేరు నిలిపింది. ఆటకు ఆటలో గౌరవం, పోరాటానికి పోరాట రంగంలో గౌరవం. ఇందులో లోటేముంది?

ఔననేవారు: లోటు ఇదే: దేశం గౌరవించింది, ఆట గౌరవించలేదు. పోరాటం జరిగింది ఆటతో. అన్యాయం చేసింది ఆట. కాబట్టి ఆ మాట ఆట నోటి నుంచి రావాలి. విచారణ 1970 మేలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో జరిగింది. సాక్ష్యం చెప్పడానికి జాకీ రాబిన్సన్ వచ్చాడు, హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు, ఒకప్పుడు జట్టు యజమాని అయిన బిల్ వీక్ వచ్చాడు. అప్పటికి ఆడుతున్న ఆటగాడు ఒక్కడు కూడా రాలేదు. ఆ బల్లల మీద కూర్చోని వాళ్ల కోసమే అతను నిలబడ్డాడు. గెలవడం దాదాపు అసాధ్యమని, గెలిచినా నీకు దక్కేదేమీ ఉండదని మిల్లర్ ముందే చెప్పాడు. తర్వాతి ఆటగాళ్లకు మేలు జరుగుతుందా అని ఫ్లడ్ అడిగాడు. జరుగుతుందన్నాడు. అయితే చాలు అన్నది అతని జవాబు. హాల్ నియమాల్లో ఆట ప్రతిభతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, శీలం అనే మాటలూ ఉన్నాయి. ఆ మాటలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

కాదనేవారు: మీరు రాబిన్సన్ పేరు ఎత్తారు కాబట్టి చెబుతాను. 1962లో అతని పేరు మొదటిసారి ఓటింగుకు వచ్చినప్పుడు, తన సామాజిక పాత్రను చూడొద్దని, మైదానంలో ఆడిన ఆటనే చూసి ఓటు వేయమని విలేఖరులను కోరాడు. జాతి గోడను బద్దలుకొట్టిన మనిషి అతను! తన ధైర్యం పేరు మీద తనకు ఓటు వద్దన్నాడు. ఎందుకంటే, ధైర్యానికి ఇచ్చిన చోటును రేపు ఎవరైనా ఆటలో తక్కువవాడే అని చులకన చేయగలరని అతనికి తెలుసు. ఫ్లడ్‌ను ప్రేమించేవాళ్లు అతనికి ఆ రక్షణ ఎందుకు ఇవ్వరు? ఇక శీలం అనే మాట. దాన్ని తూకంలో వేస్తే ఎన్ని హిట్లకు సమానం? ఎవరు నిర్ణయిస్తారు? ఈ ఏడు మనకు నచ్చిన పోరాటానికి ఓటు వేస్తాం. వచ్చే ఏడు వేరే కమిటీ తనకు నచ్చిన పోరాటానికి వేస్తుంది.

ఔననేవారు: రాబిన్సన్ మాట బలమైనది, దానికి తేలిగ్గా జవాబు చెప్పను. ఆ మాట అనగల స్థోమత అతని లెక్కలకు ఉంది; ఫ్లడ్ లెక్కలకు అంత లేదు, ఒప్పుకున్నాను. కానీ శీలం గురించి మీరు అడిగిన ప్రశ్నను హాల్‌నే అడగాలి. శీలం అనే ఆ మాటను అడ్డం పెట్టే బ్యారీ బాండ్స్‌ను, రోజర్ క్లెమెన్స్‌ను ఏళ్ల తరబడి బయట నిలబెట్టారు. అప్పుడు ఎన్ని హోమ్‌రన్లు తీసేయాలో ఎవరూ లెక్క అడగలేదు. శీలం తక్కువైతే 762 హోమ్‌రన్లు కూడా చాలవట. శీలం ఎక్కువైతే మాత్రం ఒక్క హిట్టూ కలవదట. తీసివేత మాత్రమే తెలిసి కూడిక తెలియని లెక్క ఎక్కడైనా ఉంటుందా?

కాదనేవారు: ఆ లోపం నిజమే. దానికి నా దగ్గర శుభ్రమైన సమాధానం లేదు. అయితే శీలాన్ని కూడికలో కలిపితే అంతా కలపాలి. 1971లో ఫ్లడ్ వాషింగ్టన్ సెనేటర్స్‌తో 1,10,000 డాలర్లకు ఒప్పుకుని, 13 ఆటలు ఆడి, యజమానికి ఒక టెలిగ్రాం కొట్టి దేశం వదిలి వెళ్లిపోయాడు. ఆ జట్టు అతణ్ణి నమ్మి డబ్బు పెట్టింది. 1968 వరల్డ్ సిరీస్ చివరి ఆటలో పరుగు లేకుండా సాగుతున్న ఏడో ఇన్నింగ్స్‌లో జిమ్ నార్‌థ్రప్ కొట్టిన బంతిని తప్పుగా అంచనా వేసి ముందుకు అడుగేశాడు. అది తల మీదుగా పోయింది, డెట్రాయిట్ గెలిచింది. ఆ ఒక్క తప్పుతో ఎవరినీ కొలవకూడదు, నేనూ కొలవను. కానీ టెలిగ్రాం సంగతి వేరు. అది ఎంపిక.

ఔననేవారు: టెలిగ్రాం సంగతి దాచను. ఏడాదిన్నర ఆటకు దూరమై, అప్పుల్లో మునిగి, బెదిరింపు ఉత్తరాలు చదువుకుంటూ వచ్చిన మనిషి అతను. బ్యాటు పాతలా తిరగలేదు, సగటు .200. ఒప్పందం మధ్యలో వదిలేయడం తప్పే. కానీ ఏ మనిషి అలా విరిగిపోయాడో, ఎందుకు విరిగిపోయాడో కూడా చెప్పాలి. స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వెళ్లాడు, తాగుడుకు బానిసయ్యాడు, చాలాకాలానికి గానీ తేరుకోలేదు. అతను వదులుకున్న ఆట నుంచి మిగతావాళ్లు కోట్లు సంపాదించారు. 1976 ఒప్పందంతో ఆరేళ్లు ఆడినవాడు తనకు నచ్చిన జట్టు చూసుకోగలిగాడు. ఈనాటి ప్రతి కాంట్రాక్టు కింద కనబడని ఒక సంతకం ఉంది.

కాదనేవారు: మీరు ఇప్పుడు చెప్పినదే నా అసలు భయం. అది బాకీ భాష. ఆట ఫ్లడ్‌కు బాకీ పడిందనడంలో నాకు సందేహం లేదు. కానీ ఆ బాకీని ఫలకంతో తీర్చలేం. తీర్చాల్సింది అతను బతికుండగా: ఒక ఉద్యోగం, ఒక పిలుపు, ఒక క్షమాపణ. చచ్చినవాడి కళ్లు చేరెడు అన్నట్టు ఇప్పుడు పొగిడితే, ఎవరి జేబులోంచీ ఏమీ పోదు. పైగా అతణ్ణి వెలివేసిన వ్యవస్థ, చూశారా మా ఫ్లడ్ అని చెప్పుకుంటుంది. 2020లో వందమందికి పైగా కాంగ్రెస్ సభ్యులు అతణ్ణి తీసుకోమని హాల్‌కు లేఖ రాశారు. మంచి ఉద్దేశమే. కానీ అందరికీ ఇష్టమైన తిరుగుబాటుదారు అయ్యాక అతని తిరుగుబాటులో పదును ఏం మిగులుతుంది? బయట ఉన్న ఫ్లడ్ ఆ గోడను ఇప్పటికీ ప్రశ్నిస్తున్నాడు. లోపలికి వెళ్తే ఆ ప్రశ్న ఆగిపోతుందేమో.

ఔననేవారు: వినడానికి అందమైన మాట, కానీ దాని మూల్యం మళ్లీ ఫ్లడ్ చేతే కట్టిస్తున్నారు. అతను బయట ఉండటమే గొప్ప అంటే, కూన్‌కు లోపల చోటు ఎందుకు? రిజర్వ్ క్లాజ్‌ను కాపాడినవాడి కంచు ముఖం అక్కడ ఉన్నంతకాలం ఆ గోడ తటస్థంగా లేదు. ఒక పక్షాన్ని ఇప్పటికే ఎంచుకుంది. బతికుండగా బాకీ తీర్చలేదన్నది నిజం. అందుకని ఎప్పటికీ తీర్చకూడదని అర్థమా? అక్కడికి ఏటా పిల్లలు వస్తారు. ఫలకాలు చదువుతారు. స్వేచ్ఛ ఎలా వచ్చిందో మిల్లర్ ఫలకం చూసి తెలుసుకుంటారు. దాని కోసం ఆట పోగొట్టుకున్న ఆటగాడు ఉన్నాడని వాళ్లకు ఆ గోడ చెప్పదు. ఆ కథలో సగం లేనట్టే.

కాదనేవారు: అయితే నేను ఒక మెట్టు దిగుతాను. మార్గదర్శకుడిగా తీసుకోండి. హాల్‌కు ఆ సంప్రదాయం మొదటి నుంచీ ఉంది. వంపు తిరిగే బంతిని కనిపెట్టాడన్న పేరు మీద క్యాండీ కమింగ్స్‌ను 1939లోనే చేర్చారు. ఆటగాడిగా, మేనేజర్‌గా, స్కౌట్‌గా, నల్లజాతి లీగుల చరిత్రను ఊరూరా చెప్పిన మనిషిగా జీవితమంతా ఆటకిచ్చిన బక్ ఓనీల్‌ను 2022లో చేర్చారు. అలా వస్తే ఫ్లడ్‌కు మొదటి ఓటు నాదే. .293 సగటును సాగదీయాల్సిన పని ఉండదు, ఆలెన్ హిట్లతో పోల్చాల్సిన పని ఉండదు. ఆటను మార్చిన పనికి ఆటను మార్చినవాడిగా గౌరవం. రాబిన్సన్ పెట్టిన గీత కూడా చెరగదు.

ఔననేవారు: మీరు ఇంత దూరం వచ్చినందుకు సంతోషం. అయినా నా మనసు ఒప్పడం లేదు. ఫ్లడ్ లాయరు కాదు, సంఘం నాయకుడు కాదు, దూరం నుంచి ఆటను సంస్కరించిన పెద్దమనిషి కాదు. ఏడు గోల్డ్ గ్లవ్‌ల సెంటర్‌ఫీల్డర్‌గా కాదన్నాడు. అతని మాటకు బరువు వచ్చిందే అతని ఆట నుంచి. బెంచీ మీద కూర్చునే అనామకుడు వెళ్లనంటే జట్టు పీడ విరగడైంది అనుకునేది. లీగ్‌లో అందరికన్నా మంచి ఫీల్డర్, లక్ష డాలర్ల మనిషి వెళ్లనన్నాడు కాబట్టే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆటగాణ్ణీ కాదన్న మనిషినీ విడదీస్తే రెండూ చిన్నవైపోతాయి. ఆటగాడిగా కొంచెం తక్కువ, మార్గదర్శకుడిగా కొంచెం పరాయి. కలిపి చూస్తేనే ఫ్లడ్.

కాదనేవారు: కలిపి చూడమంటే ఏ కొలతకూ నిలవకుండా చూడమన్నట్టే అవుతుంది. ఆటగాళ్లను ఆటతో కొలుస్తామన్న మాట ఒక్కసారి సడలితే, లెక్కల్లో అర్హత ఉండి, చెప్పుకోవడానికి వీరగాథ లేక మరుగునపడ్డవాళ్ల గతేమిటి? డెట్రాయిట్ రెండో బేస్ ఆటగాడు లూ విటేకర్ ఉన్నాడు. 2,369 హిట్లు, 244 హోమ్‌రన్లు, మూడు గోల్డ్ గ్లవ్‌లు. 2001లో విలేఖరుల ఓట్లు నూటికి మూడు కూడా రాలేదు. అతను మైదానంలో నిశ్శబ్దంగా పని చేసుకుపోయాడు. ఫ్లడ్‌కు ఇచ్చే ప్రతి వాదనా విటేకర్ లాంటివాణ్ణి ఇంకాస్త వెనక్కి నెడుతుంది. మీకు అది న్యాయంగా తోస్తుందా?

ఔననేవారు: విటేకర్‌కు చోటు ఇవ్వమని మీ పక్కన నిలబడి నేనూ అడుగుతాను. గోడ మీద ఫలకాలకు లెక్క కట్టి పెట్టలేదు, ఒకరు వస్తే ఇంకొకరు పోవాలని లేదు. కానీ ఒక తేడా చెబుతాను. విటేకర్‌ను ఆట మరిచిపోయింది. ఫ్లడ్‌ను ఆట గుర్తుపెట్టుకుని మరీ దూరం పెట్టింది. 1980కి ముందు కాలపు ఆటగాళ్లను, అధికారులను చూసే కమిటీ 2024 డిసెంబరులో కూర్చుంది, ఆలెన్‌ను ఎన్నుకుంది. ఆ ఎనిమిది పేర్ల జాబితాలో ఫ్లడ్ లేడు. అతని పేరు ఓటింగుకే రాలేదు. మళ్లీ ఆ కమిటీ కూర్చునేది 2027 డిసెంబరులో. పదహారు మందిలో పన్నెండు ఓట్లు కావాలి. గెలవకపోయినా సరే, ముందు జాబితాలో పేరుండాలని అడగడం కూడా ఎక్కువేనా?

కాదనేవారు: కాదు, అది ఎక్కువ కాదు. జాబితాలో పేరు ఉండాలి. ఆ పదహారు మంది మీరూ నేనూ ఇప్పుడు మాట్లాడుకున్నవన్నీ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడిదాకా మీతో వస్తాను. కానీ ఆ గదిలో నేనుంటే ముందుగా అడిగే ప్రశ్న మారదు: మనం ఇప్పుడు ఓటు వేస్తున్నది పన్నెండేళ్ల ఆటకా, ఒక్క ఉత్తరానికా?

ఔననేవారు: ఆ గదిలో నేనుంటే నా ప్రశ్నా మారదు: ఆ పన్నెండేళ్ల ఆట లేకుండా ఆ ఉత్తరం రాయగలిగిన మనిషి ఇంకెవరైనా ఉన్నారా?